లద్దాఖ్‌లో వానే పడదంటారు కదా, మరి ఈ వరదలు ఎక్కడివి?

మల్కాజ్‌గిరి సుధ | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా చిన్న మరిది ఆఫీసులో ఫ్రెండ్స్ నలుగురితో కలిసి ఆగస్టు మొదటి వారంలో లద్దాఖ్ వెళ్తున్నాడు. ఢిల్లీ మీదుగా లేహ్ దాకా ఫ్లైట్, అక్కడి నుంచి అద్దె బైకులు. నుబ్రా లోయ వైపు రెండు రాత్రులు టెంట్లలో ఉండేలా బుక్ చేసుకున్నారు. నిన్న ఆ ఫొటోలు చూపించాడు. వెనక నిటారుగా కొండ, ముందు తెల్లటి రాళ్ల మైదానం, పక్కన సన్నగా పారే చిన్న వాగు. చాలా అందంగా ఉంది. కానీ ఆ రాళ్లు చూస్తే నాకు గుండె ఝల్లుమంది. చాలావరకు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. నీళ్లలో దొర్లకుండా రాళ్లు అలా అవుతాయా?

మా మామయ్యగారేమో "అది ఎడారమ్మా, ఏడాదంతా కలిపినా పది సెంటీమీటర్ల వాన పడదు, అక్కడ వరదేమిటి" అన్నారు. నాకేమో 2010లో లేహ్‌లో పెద్ద వరద వచ్చిందని, చాలామంది పోయారని గుర్తు. మరిది "వదినా, నువ్వు ఊరికే భయపడతావు" అంటున్నాడు. వెళ్లొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. వానే లేనిచోట వరద ఎలా వస్తుందో ఎవరైనా అర్థమయ్యేలా చెబితే, వాడికి నేను సరిగ్గా చెప్పగలను.

సైనిక్‌పురి రైడర్ | శనివారం రాత్రి 9:40

అక్కా, నేను నాలుగుసార్లు వెళ్లొచ్చాను. అక్కడ మొదట జాగ్రత్త పడాల్సింది ఆక్సిజన్ గురించి. మన హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంటే లేహ్ 3,500 మీటర్లు. ఫ్లైట్‌లో దిగగానే తిరగడం మొదలుపెడితే తలనొప్పి, వాంతులు ఖాయం. మొదటి రెండు రోజులు రూమ్‌లో పడుకోమని చెప్పండి. వాన గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. నాలుగు ట్రిప్పుల్లో నేను రెయిన్‌కోట్ తీసింది ఒక్కసారే.

నీళ్ల దగ్గర జాగ్రత్త పడాల్సింది మాత్రం ఒకటుంది. పాంగాంగ్ సరస్సు దారిలో పాగల్ నాలా అని ఒక వాగు ఉంది. పొద్దున చూస్తే మడమలు తడుస్తాయి, అంతే. ఎండెక్కాక పైన మంచు కరిగి, మధ్యాహ్నానికి బైకును లాగేసేంత జోరుగా వస్తుంది. అలాంటివి దారిలో ఇంకా ఉన్నాయి. పొద్దున్నే దాటేయాలి. అది వాననీరు కాదు, మంచునీరు.

రాళ్ల మేష్టారు, తార్నాక | శనివారం రాత్రి 10:25

సుధమ్మా, రాళ్ల విషయంలో మీ అనుమానం నిజమే. నేను ముప్పయ్యేళ్లు భూగర్భ శాస్త్రం పాఠం చెప్పినవాణ్ని. పిల్లలకు ఫీల్డ్‌లో మొదటిరోజు చెప్పే మాట అదే: రాయి గుండ్రంగా ఉంటే దాన్ని ఎవరో దొర్లించారని, ఎవరు, ఎప్పుడు అన్నది వెతకమని.

మీ మామయ్యగారు చెప్పిన లెక్క కూడా తప్పు కాదు. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడేది సుమారు 100 మిల్లీమీటర్లు. మన ఊళ్లో దానికి ఎనిమిది రెట్లు పడుతుంది. నైరుతి మేఘాలు హిమాలయాలు దాటేలోపే దక్షిణ వాలుల మీద కురిసేసి వట్టిపోతాయి. అందుకే అవతల గడ్డి కూడా సరిగ్గా మొలవదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. మన నల్లమలలో వాన పడితే ముందు ఆకులు తడవాలి, తర్వాత ఆకుల దుబ్బు నానాలి, మట్టి తాగాలి, వేళ్లు పట్టుకోవాలి. ఆ తర్వాతే వాగులోకి నీళ్లు. లద్దాఖ్ కొండల మీద ఈ మెట్లేవీ లేవు. పడిన చినుకు పడినట్టే జారుతుంది. వాలు చాలా ఎక్కువ. పైగా కొండంతా వదులు సరుకు. ఒకప్పటి హిమానీనదాలు వదిలేసి పోయిన రాళ్లు, ఇసుక, మెత్తటి పొడి మట్టి. చలికి పగిలి రాలిన రాతి ముక్కలు. కొన్నేళ్లపాటు అదంతా ఇరుకు లోయల్లో పోగుపడుతూ ఉంటుంది. గట్టి వాన ఒక్కటి పడిందంటే మొత్తం ఒకేసారి కదులుతుంది.

అప్పుడు వచ్చేది మనం టీవీలో చూసే వరదనీరు కాదు. సిమెంటు కాంక్రీటు కలిపినట్టు చిక్కటి ముద్ద, నీటికి దాదాపు రెట్టింపు బరువు. అందుకే గది అంత బండను కూడా మోసుకొస్తుంది. లోయ మూతి దగ్గర వాలు తగ్గగానే వేగం తగ్గి, తెచ్చిందంతా విసనకర్రలా పరుస్తుంది. ఆ విసనకర్ర పైనుంచి చూడ్డానికి చదునైన మైదానంలా, టెంట్లు వేయడానికి చక్కగా కనిపిస్తుంది. మీ మరిది ఫొటోలో ఉన్నది అలాంటి చోటే అయివుంటుందని నా అనుమానం. లేహ్ పట్టణం చాలావరకు అలాంటి విసనకర్ర మీదే ఉంది. లేహ్ పక్కనే ఉన్న చోగ్లమ్సర్ ఊరు కూడా అంతే.

2010 ఆగస్టు 5 అర్ధరాత్రి జరిగింది ఇదే. అంతకుముందు రెండు రోజులు జల్లులు పడి నేల తడిసి ఉంది. మూడోరోజు రాత్రి లేహ్ చుట్టుపక్కల లోయలన్నీ ఒకేసారి కదిలాయి. 230 మందికి పైగా చనిపోయారు. సాబూ, ఫ్యాంగ్ లాంటి ఊళ్లు దెబ్బతిన్నాయి. చోగ్లమ్సర్ పరిస్థితి అన్నిటికన్నా దారుణం.

సైనిక్‌పురి రైడర్ | శనివారం రాత్రి 10:48

మేష్టారూ, ఒక అనుమానం. ఆ రాత్రి లేహ్‌లో కొలిచిన వాన 12.8 మిల్లీమీటర్లేనని నేను ఎక్కడో చదివాను. మన దగ్గర సాయంత్రం టీ తాగేలోపు అంత పడి పోతుంది. మరి దాన్ని క్లౌడ్‌బర్స్ట్ అని ఎందుకన్నారు?

మేఘమాల | శనివారం రాత్రి 11:30

ఈ ప్రశ్నకు నేను చెబుతాను. మన వాతావరణ శాఖ లెక్కలో గంటలో 100 మిల్లీమీటర్లు, అదీ 20, 30 చదరపు కిలోమీటర్ల చిన్న జాగాలో పడితే క్లౌడ్‌బర్స్ట్. వానను కొలిచే గిన్నె లోయ అడుగున ఎయిర్‌పోర్టు దగ్గర ఉంది. వాన కురిసింది పైన వాలుల మీద. మేడ్చల్‌లో దంచికొడుతుంటే మెహదీపట్నంలో రోడ్డు పొడిగా ఉన్న రోజులు మనం ఎన్ని చూడలేదు? 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడితే బేగంపేటలో అందులో సుమారు మూడింట రెండొంతులే. చదును నేలమీదే ఇంత తేడా ఉంటే, కొండల్లో ఒక లోయకూ పక్క లోయకూ పొంతనే ఉండదు. పైన అసలు ఎంత పడిందో కొలిచినవాళ్లు లేరు. తర్వాత శాస్త్రవేత్తలు వాగులు కోసుకుపోయిన గుర్తులు, కొట్టుకొచ్చిన బండల సైజులు చూసి అంచనా వేయాల్సి వచ్చింది.

ఆ మేఘాలు మామూలుగా మనం అనుకునే దారిలో రాలేదు. టిబెట్ పీఠభూమి మీద మధ్యాహ్నం ఎండకు ఉరుము మేఘాలు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, తూర్పుగాలికి పడమరగా లద్దాఖ్ మీదికి కదిలాయి. అక్కడ అరేబియా సముద్రం నుంచి, బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ దొరికింది. అందుకే లేహ్‌లో పగలు ఆకాశం చూసి రాత్రికి ఏమవుతుందో చెప్పడం కష్టం.

హబ్సిగూడ కిరణ్ | ఆదివారం ఉదయం 7:05

లద్దాఖ్‌లో ఈమధ్య చెట్లు బాగా నాటారని, దానివల్ల గాలిలో తేమ పెరిగి వానలు వస్తున్నాయని మా డ్రైవర్ చెప్పాడు. నిజమేనా?

మేఘమాల | ఆదివారం ఉదయం 7:50

అక్కడివాళ్లలో చాలామంది ఆ మాట అంటారు. వాళ్ల కళ్లముందు మారినవి అవే కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ కొన్ని తోటల నుంచి వచ్చే తేమతో అంతంత మేఘాలు తయారవ్వవు. అవి వందల కిలోమీటర్ల మేర పుట్టే వ్యవస్థలు. గాలి వేడెక్కడం మాత్రం లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం. ఒక్కో డిగ్రీకి గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. ఇంకోటి, మంచుగా పడాల్సిన ఎత్తుల్లో వానగా పడితే అది అక్కడ ఆగదు. మంచు వారాల తరబడి నిదానంగా దిగుతుంది. వాన అప్పటికప్పుడు దిగుతుంది.

తిరుమలగిరి సుబేదార్ | ఆదివారం ఉదయం 8:20

ఆ రాత్రి నేను లేహ్‌లో డ్యూటీలో ఉన్నాను. ఇన్నేళ్లలో ఇంట్లో కూడా ఎక్కువ మాట్లాడలేదు. ఇక్కడ ఒక అమ్మ అడిగింది కాబట్టి రాస్తున్నాను.

మొదట మెరుపులు. ఆగకుండా మెరుస్తూనే ఉన్నాయి. తర్వాత ఒక చప్పుడు. ఉరుము అయితే వచ్చి ఆగిపోతుంది. ఇది ఆగలేదు. గూడ్సు బండి ప్లాట్‌ఫారం మీద నుంచి పోతున్నట్టు నేల అదిరింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ దెబ్బతిన్నదని తెల్లారాక తెలిసింది. జిల్లా ఆస్పత్రిలోకే బురద చేరింది, అంటే గాయపడ్డవాళ్లను తీసుకెళ్లాల్సిన చోటే మునిగింది. బస్టాండులో బస్సులు తిరగబడి ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. రన్‌వే మీద కూడా మట్టి. దాన్ని తీస్తేగాని విమానం దిగదు.

చోగ్లమ్సర్‌లో మేము చేసింది తవ్వడమే. నీళ్లయితే తగ్గిపోతాయి, ఇది అలా కాదు. మొదటిరోజు మోకాళ్ల దాకా దిగిపోయే బురద. తర్వాత అక్కడి ఎండకు గోడలాగా గట్టిపడింది. పార దిగదు. కింద మనుషులున్నారని తెలుసు, గట్టిగా కొట్టడానికి చెయ్యి రాదు. మా చేతుల్లో పారలు, పక్కన ఆ ఊరి ఆడవాళ్లు ఉత్త చేతులతో. తుర్తుక్ వైపు మన సైనికులు కూడా కొట్టుకుపోయారు.

రైడర్ తమ్ముడూ, నాలుగుసార్లు వెళ్లావు, సంతోషం. ఏమీ జరగలేదంటే అక్కడ ప్రమాదం లేదని కాదు. నేను ఆ ఊళ్లో రెండేళ్లు ఉన్నాను. ఆ ఒక్క గంట తప్ప మిగతా రెండేళ్లూ ఏమీ జరగలేదు.

సైనిక్‌పురి రైడర్ | ఆదివారం ఉదయం 8:41

సార్, క్షమించండి. నిన్న తేలిగ్గా రాసేశాను. నేను రెండుసార్లు అలాంటి రాళ్ల మైదానంలోనే టెంట్ వేసుకుని పడుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మూసీ ఒడ్డు | ఆదివారం ఉదయం 10:15

ఇక్కడ మన ఊరి సంగతి కూడా చెప్పాలనిపించింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. మా తాతగారి తల్లి ఆ చెట్టు కథ చెప్పేదట. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించారు. అంటే మన పెద్దలు ఆ నీళ్లకు జాగా చూపించారు.

మరి మేము? మా ఇల్లు బాలాపూర్ దిగువన. 2020లో గుర్రం చెరువు కట్ట తెగిన రాత్రి బీరువా, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. ప్లాట్ అమ్మినాయన "ఇక్కడ నీళ్లు రానే రావమ్మా" అని చేతిలో చెయ్యేసి చెప్పాడు. మేము కొన్నది మండు వేసవిలో. నేల నెర్రెలిచ్చి ఉంది. పొడిగా ఉన్న జాగా చూసి ఇది ఎప్పుడూ పొడిగానే ఉంటుందని నమ్మాం. సుధగారూ, మీకు ఆ రాళ్లు చూసి అనుమానం వచ్చింది చూడండి, ఆ రోజు మాకు రాలేదు.

కాలువల శేఖర్ | ఆదివారం మధ్యాహ్నం 1:10

నీటిపారుదలలో పనిచేసి రిటైరయ్యాను. అక్కడివాళ్లు వాగు పక్కన ఎందుకుంటారని ఎవరైనా అడిగేలోపే చెబుతాను. వాగు తప్ప ఇంకో నీరు లేదు. లద్దాఖ్ సేద్యమంతా కరిగిన మంచు మీదే నడుస్తుంది. వాగును తోక్పో అంటారు, దాని నుంచి తీసిన పిల్లకాలువ యురా. ఎవరి పొలానికి ఎప్పుడు వదలాలో చూసే మనిషిని చుర్పోన్ అంటారు. మన పల్లెల్లో చెరువు తూము దగ్గర నీరటికాడు ఉండేవాడు కదా, అలాంటి పనే. వసంతంలో విత్తనం వేసే వేళకు నీళ్లు చాలవని చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు వాగు నీటిని శీతాకాలంలో మళ్లించి, నీడలో గడ్డకట్టించి కృత్రిమ హిమానీనదాలు చేశారు. 2015లో పద్మశ్రీ ఇచ్చారు. నీటి కోసం ఇంత కష్టపడే జనం మీదికి ఆ నీరే అలా రావడం తలుచుకుంటే బాధగా ఉంటుంది.

పాత ఊళ్లు చూస్తే ఒకటి గమనిస్తారు. లేహ్ పాత ఊరు ప్యాలెస్ కొండను ఆనుకుని గుట్ట మీద ఉంటుంది. మఠాలు రాతి గుట్టల మీద ఉంటాయి. కింది చదును పెరుగుతూ వచ్చిన కొత్త ఇళ్లకు, బయటి నుంచి వచ్చినవాళ్లకు, కూలీలకు దొరికింది. చోగ్లమ్సర్‌లో టిబెట్ శరణార్థుల కాలనీ కూడా ఉంది. ఇళ్లేమో పచ్చి ఇటుకవి, పైన పోప్లర్ దూలాలు, విల్లో కొమ్మలు, ఆ మీద మట్టి. ఎడారి చలికి అంతకంటే మంచి ఇల్లు లేదు. గంట వాన పడితే మాత్రం కప్పు కారుతుంది, గోడ కరుగుతుంది.

కూకట్‌పల్లి లక్ష్మి | ఆదివారం మధ్యాహ్నం 2:35

2014 జూన్ 8 నాకు ఇప్పటికీ నిద్రపట్టనివ్వదు. బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. అది వాన కాదు, పైన డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు. కానీ నదిలో రాళ్లు తేలి ఉన్నాయి కదా అని ఫొటోలకు దిగడం, చూస్తుండగానే నీళ్లు పెరగడం... మా అమ్మాయిదీ అదే వయసు అప్పుడు. ఆ రాత్రంతా దాన్ని పక్కన పడుకోబెట్టుకున్నాను. సుధగారూ, మరిదిగారు నవ్వినా సరే, మీరు చెప్పడం ఆపకండి.

రాళ్ల మేష్టారు, తార్నాక | ఆదివారం సాయంత్రం 4:00

లక్ష్మిగారు చెప్పింది ముఖ్యమైన విషయం. పైన వాన లేకుండానే నీళ్లు రావచ్చు. 2014 ఆగస్టులో లద్దాఖ్‌లోనే గ్యా అనే ఊరి పైన హిమానీనద సరస్సు తెగి నీళ్లొచ్చాయి. 2014 డిసెంబరు చివర్లో జంస్కార్‌లో కొండచరియ విరిగి ఫుక్తల్ నదికి అడ్డుపడితే, వెనక చేరిన సరస్సు 2015 మే 7న తెగింది. దిగువన వంతెనలు కొట్టుకుపోయాయి. అందుకే వాగు ఉన్నట్టుండి బురదగా మారినా, అంతవరకూ పారుతున్నది హఠాత్తుగా సన్నబడినా, పైన ఏదో అడ్డుపడిందని అనుమానించి అక్కడి నుంచి లేవాలి. వాగు తగ్గింది కదా అని నిశ్చింతగా కూర్చోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

మల్కాజ్‌గిరి సుధ | ఆదివారం సాయంత్రం 6:30

చదువుతుంటే చేతులు వణికాయి. సుబేదార్‌గారూ, మీరు రాసింది మామయ్యగారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు అసలు ప్రశ్న. వాడు వెళ్లడం ఖాయం. ఏం చూసుకోమని చెప్పాలి?

తిరుమలగిరి సుబేదార్ | ఆదివారం సాయంత్రం 7:15

వెళ్లనివ్వండమ్మా. మంచి మనుషులు, మంచి దేశం. ఆ ఊళ్లకు టూరిస్టుల డబ్బు కూడా కావాలి. పడుకునే చోటు ఒక్కటి సరిచూసుకుంటే సగం దిగులు తీరుతుంది. టెంట్లవాణ్ని "వరద వస్తుందా" అని అడగొద్దు, రాదనే అంటాడు. ఊళ్లో ముసలివాళ్లెవరినైనా "2010లో ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి" అని అడగమనండి. చేత్తో చూపిస్తారు. ఆ చెయ్యి చూపించిన చోటుకు పైన పడుకోవాలి. లోయ మూతికి ఎదురుగా ఎప్పుడూ వద్దు. కంచెలకు, పొదలకు ఎండు కొమ్మలు, చెత్త చిక్కుకుని ఉంటే నీళ్లు ఆ ఎత్తు దాకా వచ్చాయని గుర్తు.

రాత్రి బూట్లు, టార్చి తలదగ్గర. చప్పుడు వింటే సామాను ముట్టుకోవద్దు. వాగు వెంట కిందికి పరిగెత్తొద్దు, అది మనకంటే వేగంగా వస్తుంది. పక్కవాలు ఎక్కాలి. నాలుగు నిలువుల ఎత్తు ఎక్కినా చాలామంది బతికేవాళ్లు.

సైనిక్‌పురి రైడర్ | ఆదివారం రాత్రి 8:02

రెండు విషయాలు కలుపుతాను. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. అయిదుగురిలో కనీసం ఇద్దరికి పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూడండి. లోపలి ఊళ్లలో అదీ అందదు కాబట్టి, రోజూ ఏ ఊరు చేరతారో ముందే కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లమనండి. విపత్తు నిర్వహణ సంస్థవాళ్ల సచేత్ యాప్ వేసుకుంటే హెచ్చరికలు వస్తాయి. ఇంకా, రోడ్డు మీద నుంచి నీళ్లు పోతుంటే బైకు దించొద్దు. నేను దించాను ఒకసారి. చక్రం కిందినుంచి రాళ్లు కదలడం కాళ్లకు తెలిసింది. అవతలికి ఎలా చేరానో ఇప్పటికీ తెలియదు. అవసరమైతే ఇవతలి ఊళ్లోనే ఆ రాత్రి ఆగిపోవాలి. ఫ్లైట్ మిస్సయితే ఇంకోటి ఉంటుంది. ప్లాన్‌లో ఒక రోజు ఖాళీ ఉంచుకోమనండి.

మల్కాజ్‌గిరి సుధ | మంగళవారం రాత్రి 9:50

అందరికీ చెప్పాలి. నిన్న రాత్రి మరిదిని కూర్చోబెట్టి ఈ చర్చ మొత్తం చదివించాను. చోగ్లమ్సర్ దగ్గరకు వచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టి, ఆ టెంట్ల ఫొటో మళ్లీ తీశాడు. లోయ మూతి సరిగ్గా టెంట్ల వెనకే ఉంది. ఇన్ని రోజులూ మేమిద్దరం చూసిన ఫొటోనే, కానీ ఇప్పుడే కనిపించింది.

టెంట్లవాళ్లకు ఫోన్ చేస్తే అడ్వాన్స్ తిరిగి రాదన్నారు. పోనీ అన్నాడు. ఒక ఊళ్లో గుట్టవార ఉన్న ఇంట్లో గది దొరికింది. ఆ ఇంటి పెద్దాయనతో వీడియో కాల్ మాట్లాడాడు. 2010 గురించి అడిగితే ఆయన వాకిట్లోకి వచ్చి, కింద ఆప్రికాట్ చెట్ల వరస చూపించాడట. నీళ్లు అక్కడిదాకా వచ్చి ఆగాయని. ఇల్లు దానికి బాగా పైన.

పోస్ట్‌పెయిడ్ సిమ్ మామయ్యగారే తెప్పించారు. ఊళ్ల పేర్లు, తేదీలు రాసిన కాగితం మా ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది.

తిరుమలగిరి సుబేదార్ | మంగళవారం రాత్రి 10:20

సంతోషం అమ్మా. నుబ్రా దారిలో ఖర్దుంగ్ లా కనుమ ఎక్కే రోజు తెల్లవారుజామునే బయల్దేరమనండి. వీలైతే చోగ్లమ్సర్‌లో ఒక్క అయిదు నిమిషాలు ఆగమనండి, నా తరఫున.